మృగశిర నుంచి సంక్రాంతి దాకా: పిల్లల ఆయాసం, పంపుల తేడా

మన హాస్టల్లో చదివిన ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు ‘దమ్ము పిల్లలు’ ఉండే ఉంటారు. ఎండాకాలమంతా అందరితో పాటు కబడ్డీ ఆడతారు, చెట్లెక్కుతారు. తొలకరి పడి నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు, రాత్రి పదకొండు దాటాక జంబుఖానా మీద లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, పిల్లికూతలతో ఊపిరి తీస్తుంటారు. పక్కన పడుకున్న వాళ్లకు మొదటి రోజు భయమేస్తుంది. వారం తిరిగేసరికి అలవాటవుతుంది. ఆ తరువాత విసుగొస్తుంది. మేమూ అలా విసుక్కుని దుప్పటి ముసుగేసుకున్న వాళ్లమే.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఏడో తరగతిలో ఒక తమ్ముడు ఉండేవాడు. సంగారెడ్డిలో డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలర్ వాడేవాడు. మేము అతనికి ‘పంపు’ అని పేరు పెట్టాం. ఆ పేరు స్కూలు దాకా పాకింది. దాంతో అతను ఇన్‌హేలర్‌ను ట్రంకు పెట్టె అడుగున దాచేసి, ఎవరూ చూడనప్పుడు మాత్రమే పీల్చుకునేవాడు. పెట్టెలో ఉంటే ఎవరైనా ఎత్తుకుపోతారని తరువాత దాన్ని ఆఫీసు గది బీరువాలో పెట్టించారు. ఆగస్టులో ఒక రాత్రి ఒంటిగంటకు అతనికి మాట కూడా రాకుండా పోయింది. బీరువా తాళం చెవి ఊరికి పోయిన వారి జేబులో ఉంది. కామాటి అన్న తన బండి తీశాడు. తమ్ముణ్ని మధ్యలో కూర్చోబెట్టుకుని వెనక నుంచి గట్టిగా పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాం. బతికాడు. రెండు రోజుల తరువాత వాళ్ల నాన్న వచ్చాడు. ఆయన పాశమైలారంలో కాంట్రాక్టు కూలీ. కొడుకు పెట్టె నెత్తిన పెట్టుకుని తీసుకుపోయాడు. ఆ ఏడాది ఆ తమ్ముడి చదువు పోయింది.

ఇప్పుడు ఫార్మసీలో పీజీ చేస్తూ ఈ మందుల పాఠం వచ్చినప్పుడల్లా మాకు ఆ తాళం చెవే గుర్తొస్తోంది. అప్పట్లో మాకు తెలియని విషయం ఇంకొకటి ఉంది. అతని దగ్గర ఉన్నది ఒకే ఒక్క నీలం పంపు. ఉండాల్సిన రెండో మందు అసలు లేనే లేదు. ఆ రెండింటి తేడా ఏమిటో, ఏది ఎప్పుడు పనిచేస్తుందో, మన పిల్లలకు ఏ పరికరం నయమో చెప్పడానికే ఈ వ్యాసం. మేము డాక్టర్లం కాదు. ఏ పిల్లవాడికి ఎంత డోసు అన్నది పిల్లల డాక్టరే చెప్పాలి. కానీ డాక్టరు చెప్పింది అర్థం కావాలన్నా, ఏమి అడగాలో తెలియాలన్నా మనకూ కొంత తెలిసి ఉండాలి కదా.

గొట్టం బయట బిగింపు, లోపల వాపు

తోటకు నీళ్లు పెట్టే రబ్బరు పైపును ఊహించుకోండి. ఎవరో దాన్ని బయటి నుంచి పిడికిలితో బిగించి పట్టుకున్నారు. పైగా లోపల గోడలకు నాచు మందంగా పట్టి ఉంది. నీళ్లు సన్నటి ధారగా వస్తాయి. పిడికిలి వదిలిస్తే ధార ఒక్కసారిగా పెరుగుతుంది. నాచు మాత్రం అలాగే ఉంటుంది. రేపు ఎవరైనా కొంచెం నొక్కినా ధార మళ్లీ ఆగిపోతుంది.

ఉబ్బసంలో జరిగేది దాదాపు ఇదే. ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాల చుట్టూ సన్నని కండరాలుంటాయి. ఏదో ఒకటి రెచ్చగొట్టినప్పుడు అవి బిగుసుకుంటాయి. అది పిడికిలి. గొట్టాల లోపలి పొర వాచి, జిగట కఫం ఊరుతుంది. అది నాచు. బిగింపు నిమిషాల్లో వచ్చి నిమిషాల్లో పోగలదు. వాపు రోజుల తరబడి పెరుగుతుంది, రోజుల తరబడి తగ్గుతుంది. పిల్లవాడు పగలంతా హాయిగా ఆడుకుంటున్నా లోపల వాపు ఉండవచ్చు. పెద్దవాళ్లు ‘నిన్నటిదాకా బాగానే ఉన్నాడు, రాత్రికి రాత్రే వచ్చింది’ అంటారు. బిగింపు రాత్రికి రాత్రే వచ్చింది నిజమే. దానికి ముందు నుంచే లోపల వాపు పెరుగుతోంది.

మన దగ్గర ఈ కాలంలోనే ఎందుకు?

పిల్లల్లో ఆయాసాన్ని రెచ్చగొట్టే వాటిలో మొదటిది మామూలు జలుబు. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. జహీరాబాద్ నుంచి, నారాయణఖేడ్ నుంచి, జోగిపేట నుంచి పిల్లలంతా వచ్చి ఒకే హాలులో పక్కపక్కన పడుకుంటారు. ఒకరి జలుబు వారంలో నలభై మందికి అంటుతుంది. మిగతా ముప్పై ఎనిమిది మందికి ముక్కు కారి పోతుంది, ఆ ఇద్దరికి మాత్రం దమ్ము పడుతుంది. దీనికి తోడు వానలకు గోడలు చెమ్మగిల్లి బూజు పడుతుంది, ఆరని దుప్పట్లు ముక్క వాసన వేస్తాయి. వానల తరువాత రోడ్ల పక్కన వయ్యారిభామ మొక్క తెల్లగా పూస్తుంది. దాని పుప్పొడి చాలామందికి పడదు. దీపావళికి బాణసంచా పొగ, మార్గశిరంలో మంచు, భోగి మంటలు. అలా సంక్రాంతి దాటేదాకా ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది.

ఇక మన ప్రాంతం సంగతి వేరే చెప్పాలా? పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, కాజీపల్లి. ఈ పేర్లు వింటే బయటి వాళ్లకు ఉద్యోగాలు గుర్తొస్తాయి, మనకు రాత్రి పూట వచ్చే వాసన కూడా గుర్తొస్తుంది. దేశానికి మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. నక్కవాగు నీళ్ల గురించి, ఇక్కడి కాలుష్యం గురించి 1990లోనే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు గారు ఒక పక్క రోగులను చూస్తూనే ఏళ్ల తరబడి ఈ పోరాటం చేశారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలను పరిశీలించి 43 చోట్లను తీవ్ర కలుషిత ప్రాంతాలుగా తేల్చింది. అందులో పటాన్‌చెరు-బొల్లారం ఒకటి.

అయితే ఉబ్బసమంతా ఫ్యాక్టరీల వల్లనే అనడం సరి కాదు. ఫ్యాక్టరీ ఒక్కటీ లేని ఊళ్లలోనూ దమ్ము పిల్లలున్నారు. వాచి ఉన్న గొట్టాలను పొగ, ఘాటు వాయువులు ఇంకా రెచ్చగొడతాయి, అంతవరకు గట్టిగా చెప్పవచ్చు. చలికాలంలో ఇది ఎక్కువ కావడానికి ఒక కారణం ఉంది. మామూలుగా నేల దగ్గరి వేడి గాలి పైకి లేస్తూ పొగను తనతో తీసుకుపోతుంది. చలి రాత్రుల్లో నేల త్వరగా చల్లబడి, కింద చల్లగాలి, దాని మీద వెచ్చని గాలి మూతలా కప్పుకుంటాయి. పొగ పైకి పోయే దారి లేక మన ఇళ్ల ఎత్తులోనే నిలుస్తుంది. తెల్లవారుజామున ముత్తంగి, ఇస్నాపూర్ దగ్గర హైవే మీద వెళ్లిన వాళ్లకు ఆ పొరను చూసిన అనుభవం ఉండే ఉంటుంది.

నీలం పంపు, రెండో పంపు

నీలం పంపులో ఉండేది సాల్బుటమాల్. అస్థాలిన్ అనే పేరుతో మనందరికీ తెలుసు. లెవోసాల్బుటమాల్ కూడా దాని దగ్గరి చుట్టమే. ఇది పిడికిలిని వదిలిస్తుంది. ఐదు నిమిషాల్లోపే పని మొదలై, నాలుగైదు గంటల పాటు ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఊపిరి అందించేది ఇదే. కానీ వాపు మీద దీని పని దాదాపు సున్నా.

రెండో పంపులో ఉండేది పీల్చే స్టిరాయిడ్. బుడెసొనైడ్, బెక్లోమెథసోన్, ఫ్లూటికసోన్ వంటివి. బుడెకార్ట్, బెక్లేట్, ఫ్లోహేల్ లాంటి పేర్లతో దొరుకుతాయి. ఇది వాపును తగ్గిస్తుంది. పీల్చిన వెంటనే ఏమీ తెలియదు. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో గుణం కనిపిస్తుంది. అందుకే మన ఇళ్లలో మొదట మూలన పడేది ఇదే. ‘ఆ నీలం దానితో వెంటనే తగ్గింది, దీంతో ఏమీ కాలేదు, డబ్బు దండగ’ అంటారు. మా ఇంట్లోనూ అదే జరిగింది. మా చిన్నమ్మ కొడుక్కి డాక్టరు రెండూ రాసిస్తే, నీలం డబ్బా మూడుసార్లు కొన్నారు, రెండోది సీలు కూడా విప్పలేదు. ఇంట్లో మందు చీటీ చదవగలిగిన మొదటి మనిషిమి మేమే. మేము చదివి చెప్పేసరికి రెండు వానాకాలాలు గడిచిపోయాయి.

మూడో రకం కూడా ఉంది. ఒకే పంపులో బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసి ఉంటాయి. ఫోరాకార్ట్ అలాంటిదే. ఫార్మోటెరాల్ కూడా నీలం మందులాగే నిమిషాల్లో బిగింపును వదిలిస్తుంది, అయితే పన్నెండు గంటల దాకా ఉంటుంది. దానితో పాటే వాపు మందు కూడా లోపలికి పోతుంది. సాల్మెటెరాల్, ఫ్లూటికసోన్ కలిపిన సెరోఫ్లో లాంటివి కూడా కలయిక పంపులే, కానీ సాల్మెటెరాల్ పని నెమ్మదిగా మొదలవుతుంది కాబట్టి ఆయాసం వచ్చిన క్షణంలో అది పనికిరాదు. పేరులో తేడా చిన్నదే అయినా ఈ విషయం గుర్తుంచుకోవాలి. డబ్బా రంగును చూసి మోసపోవద్దు. నీలం, గోధుమ అనే రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కో తీరుగా మారుతుంటాయి. డబ్బా మీద మందు పేరే చదవాలి.

సిరప్ ఎందుకు కాదు?

మన పల్లెల్లో ఆర్.ఎం.పి.ల దగ్గర ఇప్పటికీ ఆయాసానికి ముందుగా వచ్చేది సాల్బుటమాల్ సిరప్పో బిళ్లో. ‘పిల్లవాడికి అప్పుడే పంపు ఎందుకు, సిరప్‌తో చూద్దాం’ అంటారు. సిరప్ మెత్తనిది, పంపు గట్టిది అని ఒక నమ్మకం. లెక్క చూస్తే సంగతి తలకిందులుగా ఉంటుంది. పంపు ఒక్కసారి నొక్కితే వచ్చే మందు 100 మైక్రోగ్రాములు. ఐదు మిల్లీలీటర్ల సిరప్‌లో 2 మిల్లీగ్రాములు, అంటే 2000 మైక్రోగ్రాములు. ఒక చెంచా సిరప్ ఇరవై పంపులకు సమానం! నాలుగు మిల్లీగ్రాముల బిళ్ల అయితే నలభై పంపులు. ఇంత మందు కడుపులోకి పోయి, రక్తంలో ఒళ్లంతా తిరిగి, కొంచెం ఊపిరితిత్తులకు చేరుతుంది. పని మొదలవడానికి అరగంట దాకా పట్టవచ్చు. ఈలోగా చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, పిల్లవాడు నిద్రపోడు. అదే మందు పంపులో అయితే నేరుగా జబ్బున్న చోటికే పోతుంది.

ఇక మాంటెలుకాస్ట్ బిళ్లలు. కొందరు పిల్లలకు ఇవి మేలు చేస్తాయి. వాపు తగ్గించడంలో మాత్రం పీల్చే స్టిరాయిడ్‌తో సరితూగవు. 2020లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్.డి.ఎ. ఈ మందు మీద గట్టి హెచ్చరిక ముద్రించమని ఆదేశించింది. కొందరిలో పీడకలలు, చిరాకు, దిగులు వంటి మార్పులు రావడమే కారణం. ఈ బిళ్ల వాడుతున్న పిల్లవాడు ఉన్నట్టుండి ముభావంగా మారినా, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నా డాక్టరుకు చెప్పాలి.

మిషనా, పంపా, పొడి గొట్టమా?

పంపు పుట్టుక కథ ఒకటి తమ్ముళ్లకు నచ్చుతుంది. 1950లలో అమెరికాలో ఒక మందుల కంపెనీ అధిపతి కూతురికి ఉబ్బసం. పదమూడేళ్ల పిల్ల. గాజు గొట్టం, రబ్బరు బుడ్డితో మందు పీల్చుకోలేక విసిగిపోయి, జుట్టుకు కొట్టుకునే స్ప్రేలాగా నా మందు ఎందుకు రాదని తండ్రిని అడిగిందట. ఆ ప్రశ్న నుంచే పని మొదలై 1956లో నొక్కితే కొలత ప్రకారం మందు వచ్చే మొదటి పంపు బజారులోకి వచ్చింది.

ఈ పంపుతో చిక్కేమిటంటే మందు చాలా వేగంగా వస్తుంది. నొక్కే క్షణం, పీల్చే క్షణం సరిగ్గా కలవాలి. కలవకపోతే చాలా భాగం గొంతు వెనక్కి కొట్టుకుని మింగేస్తాం. పెద్దవాళ్లకే కుదరని పని, ఆయాసంతో ఎగపోస్తున్న పిల్లవాడికి ఏం కుదురుతుంది? దీనికి మందు స్పేసర్. అదొక ఖాళీ ప్లాస్టిక్ బుడ్డి. ఒక చివర పంపు పెట్టి నొక్కితే మందు బుడ్డిలో పొగలా నిలుస్తుంది. రెండో చివర నోరు పెట్టి పిల్లవాడు మామూలుగా ఐదారుసార్లు ఊపిరి పీల్చి వదిలితే చాలు. మరీ చిన్న పిల్లలకు నోరూ ముక్కూ కప్పే మాస్కు తగిలిస్తారు.

మన దగ్గర ‘గ్యాస్ పెట్టించడం’ అంటారే, ఆ నెబ్యులైజర్ మిషను మీద మన వాళ్లకు గౌరవం ఎక్కువ. మిషను శబ్దం చేస్తుంది, పొగ కనిపిస్తుంది, డబ్బు తీసుకుంటారు. కాబట్టి పెద్ద వైద్యం అనిపిస్తుంది. నిజానికి పిల్లల మీద జరిగిన అనేక పరీక్షలను ఒకచోట చేర్చి చూసిన కాక్రేన్ సమీక్షలో, ప్రాణాంతకం కాని ఆయాసానికి స్పేసర్‌తో ఇచ్చిన పంపు నెబ్యులైజర్‌కు ఏమాత్రం తీసిపోలేదని తేలింది. పైగా స్పేసర్ వాడిన పిల్లలు ఎమర్జెన్సీ గదిలో తక్కువ సేపు ఉన్నారు, గుండె దడ కూడా తక్కువ. అర్ధరాత్రి కరెంటు పోయినా స్పేసర్ పనిచేస్తుంది. పిల్లవాణ్ని తీసుకుని ఇస్నాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా ఆటోలో పోయి గ్యాస్ పెట్టించుకు రావడమంటే తండ్రికి ఒక రోజు కూలి పోయినట్టే. అయితే పెదవులు నీలంగా మారి, ఆక్సిజన్ అవసరమైన పిల్లవాడికి ఆసుపత్రి తప్ప వేరే దారి లేదు. దాన్ని దీంతో కలపవద్దు.

స్పేసర్ కొనలేని ఇంటికి కూడా ఒక దారి ఉంది. 1999లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ డాక్టర్లు అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున పంపు మూతి పట్టేంత రంధ్రం చేసి, గాలి పోకుండా జిగురుతో అంటించి, సీసా మూతి వైపు నుంచి పిల్లలతో పీల్పించారు. ఆయాసం వచ్చిన పిల్లల్లో అది కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసిందని లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. మన హాస్టల్ వెనక పడి ఉండే వాటర్ బాటిళ్లు చూసినప్పుడల్లా మాకిది గుర్తొస్తుంది. ఏ స్పేసర్ అయినా సబ్బు నీళ్లలో ముంచి గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్‌లో స్థిర విద్యుత్తు పుట్టి మందు గోడలకే అంటుకుపోతుంది.

రోటాహేలర్ గురించి కూడా చెప్పాలి. ఇందులో మందు గొట్టం లోపల పెట్టే గుళికలో పొడిగా ఉంటుంది. నొక్కడం, పీల్చడం కలిపే బాధ లేదు, ఖర్చు తక్కువ. కానీ పిల్లవాడు గట్టిగా, లోతుగా, వేగంగా పీల్చగలిగితేనే పొడి లోపలికి పోతుంది. ఆరేళ్ల లోపు పిల్లలకు ఇది కష్టం. తీవ్రమైన ఆయాసంలో పెద్ద పిల్లలకూ కష్టమే. వానాకాలంలో గుళికలు చెమ్మ పడితే పొడి గడ్డకడుతుంది. సీసా మూత గట్టిగా బిగించి ఉంచాలి. గుళికను మింగేసిన పిల్లవాణ్ని మేము కళ్లారా చూశాం.

కాలాన్ని బట్టి వచ్చే ఆయాసానికి ఏది?

అసలు విషయానికి వద్దాం. ఏడాదంతా బాగుండి వానాకాలంలోనో చలికాలంలోనో మాత్రమే ఆయాసపడే పిల్లవాడికి ఏం చేయాలి? చాలా కాలం వరకు జవాబు ‘వచ్చినప్పుడు నీలం పంపు’ అనే. ప్రపంచమంతటా ఉబ్బసం చికిత్సకు సూచనలిచ్చే ‘జినా’ అనే సంస్థ 2019లో దీన్ని మార్చింది. పన్నెండేళ్లు దాటిన వాళ్లెవరికీ నీలం పంపు ఒక్కటే ఇచ్చి సరిపెట్టవద్దని చెప్పింది. కారణం మనం పైన చూసిందే. పిడికిలి వదులుతుంది కాబట్టి బాగైందనుకుంటాం, లోపల నాచు పెరుగుతూనే ఉంటుంది. ఏడాదికి 200 పంపుల నీలం డబ్బాలు మూడు, ఆపైన ఖాళీ అవుతున్నాయంటే తీవ్రమైన ఆయాసం వచ్చే ప్రమాదం పెరిగినట్టు లెక్క. నెలకొకటి ఖాళీ అవుతుంటే ప్రాణానికే ముప్పు.

ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు రెండు దారులున్నాయి. ఆయాసం ఎప్పుడో ఒకసారి వస్తే, నీలం పంపు వాడిన ప్రతిసారీ దానితో పాటు స్టిరాయిడ్ పంపు కూడా పీల్చడం ఒకటి. తరచుగా వస్తుంటే రోజూ తక్కువ డోసు స్టిరాయిడ్ పంపు, అవసరానికి నీలం పంపు రెండోది. ఫలానా కాలంలోనే పుప్పొడి వంటి వాటి వల్ల వచ్చేదైతే, లక్షణాలు మొదలైన వెంటనే రోజువారీ పంపు మొదలుపెట్టి ఆ కాలం ముగిశాక కూడా నాలుగు వారాలు కొనసాగించమంటారు. మన వాళ్లు తప్పు చేసేది ఈ చివరి నాలుగు వారాల దగ్గరే. పిల్లికూతలు ఆగిన రోజే పంపు అటక ఎక్కుతుంది. మధ్యలో వారానికి రెండుసార్లకు మించి ఆయాసం వస్తున్నా, రాత్రి దగ్గుతో నిద్ర లేస్తున్నా అది ‘కాలం జబ్బు’ కాదు, ఏడాది పొడవునా చూసుకోవాల్సిందే.

2025లో మరొక మంచి వార్త వచ్చింది. న్యూజిలాండ్‌లో 5 నుంచి 15 ఏళ్ల మధ్య వయసున్న, ఉబ్బసం అంత తీవ్రం కాని 360 మంది పిల్లలను రెండు భాగాలు చేసి, ఆయాసం వచ్చినప్పుడు కొందరికి మామూలు సాల్బుటమాల్, కొందరికి బుడెసొనైడ్-ఫార్మోటెరాల్ కలయిక పంపు ఇచ్చి చూశారు. కలయిక పంపు వాళ్లలో ఉబ్బసం విషమించడం 45 శాతం తగ్గింది. మన వార్డుల్లో చదివే వయసు పిల్లలే వాళ్లంతా. ఒకే పంపుతో రెండు పనులు జరిగితే హాస్టల్ పిల్లవాడికి అంతకంటే సులువు ఏముంది? ఇది మీ పిల్లవాడికి తగునా అని డాక్టరును అడగండి.

పూర్వ విద్యార్థుల్లో చాలామందికి ఇప్పుడు చంటి పిల్లలున్నారు. ఐదేళ్ల లోపు పిల్లల్లో జలుబుతో పాటు వచ్చే పిల్లికూతలన్నీ ఉబ్బసం కావు. చాలామందికి బడి వయసు వచ్చేసరికి పోతాయి. వాళ్లకు ఏ పంపు, ఎన్నాళ్లు అన్నది పూర్తిగా వేరే లెక్క.

భయాలు, నమ్మకాలు

పంపు అలవాటైపోతుందని భయం. కళ్లద్దాలు పెట్టుకుంటే కళ్లద్దాలు అలవాటైపోయాయి అంటామా? నీలం పంపు మాటిమాటికీ కావలసి వస్తోందంటే పిల్లవాడు పంపుకు బానిసైనట్టు కాదు, వాపుకు మందు అందడం లేదని అర్థం.

స్టిరాయిడ్ అన్న మాట వింటేనే తల్లులు జంకుతారు. అది అర్థం లేని భయమని కొట్టిపారేయడం మాకు ఇష్టం లేదు. రోజూ బుడెసొనైడ్ పీల్చిన పిల్లలు పెద్దయ్యాక కొలిస్తే సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారని అమెరికాలో జరిగిన ఒక దీర్ఘకాల పరిశోధన 2012లో చెప్పింది. ఇది నిజం. దీని పక్కన రెండోది కూడా పెట్టి చూడండి. వాపు మందు లేక ఆయాసం ముదిరిన ప్రతిసారీ ఆసుపత్రిలో ఇచ్చే స్టిరాయిడ్ బిళ్లలు, సూదులు మిల్లీగ్రాముల లెక్కలో ఒళ్లంతా పోతాయి. పంపులో పోయేది మైక్రోగ్రాముల్లో. పొట్లాలు కట్టి ఇచ్చే పేరులేని ‘దమ్ము పొడి’లో స్టిరాయిడ్ బిళ్లల పొడి కలిసి ఉన్నట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలూ ఉన్నాయి. పంపు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోటిలో తెల్లపూత రాకుండా ఉంటుంది.

చేప మందు గురించి రాయకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. ఏటా మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం వారు బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పసుపు రంగు ముద్ద పెట్టి మింగిస్తారు. జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు దాన్ని మందు అనడం మీద అభ్యంతరం చెప్పాయి. ఇప్పుడు దాన్ని చేప ప్రసాదం అంటున్నారు. మేము పైన చెప్పిన తమ్ముడికి కూడా మూడేళ్లు వరుసగా వేయించారు. క్యూలో రాత్రంతా నిలబడిన తండ్రిని వెక్కిరించే మనసు మాకు లేదు. కానీ అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని ఏ శాస్త్రీయ పరీక్షా నిరూపించలేదు. కాలాన్ని బట్టి వచ్చే జబ్బు కాలం మారగానే దానంతటదే తగ్గుతుంది, కొందరు పిల్లలకు పెరిగే కొద్దీ పోతుంది. ఆ ముందు ఏమి మింగితే దానికే పేరు వస్తుంది. మృగశిర తేదీ మాత్రం మనకు బాగా పనికొస్తుంది. జూన్ ఎనిమిది దరిదాపుల్లో వస్తుంది. ఆయాసాల కాలం మొదలయ్యేదీ, హాస్టళ్లు తెరిచేదీ అప్పుడే. ఇంటిల్లిపాదికీ గుర్తుండే ఆ రోజునే పిల్లవాణ్ని డాక్టరుకు చూపించి, ఈ ఏడు రోజువారీ పంపు ఎప్పుడు మొదలుపెట్టాలో రాయించుకోండి. ప్రసాదం వేయించుకున్నా సరే, పంపు మాత్రం ఆపవద్దు.

ఖర్చు మాట. సాల్బుటమాల్, బుడెసొనైడ్, బుడెసొనైడ్-ఫార్మోటెరాల్ మూడూ 2022 జాతీయ అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఉన్నాయి. సర్కారు దవాఖానలో అడగండి. లేవంటే జన ఔషధి దుకాణంలో తక్కువ ధరకు దొరుకుతాయేమో చూడండి.

అర్ధరాత్రి ఆయాసం వస్తే

పిల్లవాణ్ని పడుకోబెట్టవద్దు, కూర్చోబెట్టాలి. చుట్టూ గుంపు కూడవద్దు. దోమల కాయిల్ వెలుగుతుంటే ఆర్పేయాలి. పంపును బాగా ఊపి స్పేసర్‌కు తగిలించి ఒక్కసారి నొక్కాలి, ఐదారు ఊపిరులు పీల్పించాలి. అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి మళ్లీ ఒక్కటి. రెండు మూడు ఒకేసారి నొక్కితే మందు ఎక్కువ పోదు, బుడ్డిలోనే అంటుకుంటుంది. ఇలా పది దాకా ఇవ్వవచ్చు. అప్పటికీ తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. మాట పూర్తి చేయలేకపోవడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోవడం, పెదవులు నీలంగా మారడం, మగతగా ఉండటం కనిపిస్తే పది అయ్యేదాకా ఆగకుండా ముందే ఫోన్ చేసి, బండి వచ్చేదాకా పంపు ఇస్తూ ఉండాలి. ఒక మోసం ఉంది, జాగ్రత్త. గట్టిగా వస్తున్న పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి, పిల్లవాడు మాత్రం ఇంకా నీరసంగా ఉంటే తగ్గినట్టు కాదు. కూత రావడానికి సరిపడా గాలి కూడా లోపల ఆడటం లేదన్నమాట.

ఆ రోజు మాకు ఇవేవీ తెలియవు. తెలిసినా పంపు బీరువాలో ఉంది.

ఈ వార్షికోత్సవానికి మా బ్యాచ్ వాళ్లం డబ్బులు వేసుకుని రెండు స్పేసర్లు, ఒక మాస్కు కొన్నాం. వార్డెన్ సార్‌తో మాట్లాడాం. అవి పెద్ద హాలు గుమ్మం పక్కన, ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో, తాళం లేకుండా ఉంటాయి. ఎవరి పంపు వారి దగ్గరే, తలగడ కింద ఉంటుంది, ఒకరి పంపు ఒకరు వాడరు. ఏ పిల్లవాడికి ఏ మందు రాశారో, ఇంటి ఫోన్ నంబరుతో సహా ఒక కాగితం డబ్బా మూత లోపల అంటిస్తారు. ప్రతి ఏడూ జూన్‌లో ఆ కాగితం మార్చే పని పదో తరగతి వాళ్లది. స్పేసర్ వాడినాక సబ్బు నీళ్లలో ముంచి, తుడవకుండా, కిటికీ దగ్గర ఆరబెట్టి మళ్లీ డబ్బాలో పెట్టండి.